చెయ్యి పెట్టి చూసే మావయ్య

ఆయన గుర్తొస్తే ముఖం కన్నా ముందు చెయ్యి కనిపిస్తుంది. మోవా పేటలో మా పక్కింటి మావయ్య రైల్వేలో రిటైరయ్యారు. ఆగిన గూడ్సుబండి పక్కనే నడుస్తూ, ఇరుసులు కాలుతున్నాయేమోనని అరచేతి వెనకవైపు ఆనించి చూడటం ఆయన ఉద్యోగం. మేం కంప్యూటరు కొన్నాక ఆ చెయ్యి దానిమీద పడింది.

మే నెలలో మా ఇంటి కూలర్ మోతకు భన్‌పురి కార్ఖానాలు సిగ్గుపడేవి. కంప్యూటరు లోపలి ఫ్యాను వేగమూ, వేడీ తెరమీద చూపే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకుని, నేను రాకెట్ ప్రయోగిస్తున్నవాడిలా కూర్చునేవాణ్ణి. మావయ్య తెరవైపు చూసేవారే కాదు. రోజూ మధ్యాహ్నం వచ్చి కంప్యూటరు డబ్బాకు చెయ్యి ఆనించేవారు.

"నంబరుకేటి తెలుస్తాదిరా? సెయ్యెట్టాల."

ఒకరోజు అలా ఆనించి, "అరే, బంద్ కర్!" అని అరిచారు.

"నలభై రెండు డిగ్రీలే చూపిస్తోంది మావయ్యా. జ్వరం మీకేమో!"

ఆయన ప్లగ్గు పీకేశారు. విప్పి చూస్తే ఫ్యాను దుమ్ముతో బిగుసుకుపోయి ఉంది. తెరమీద అంకె ఎప్పటినుంచో కదలడం లేదని నేను గమనించలేదు. కూలర్ మోతలో ఫ్యాను ఆగినట్టూ తెలియలేదు.

"రైల్వే గెలిచింది మావయ్యా!" అని చప్పట్లు కొట్టాను.

ఆయన మళ్ళీ డబ్బాకు చెయ్యి ఆనించారు.

"ఒకపాలి ఎండకి ఓర్వలేక, సెయ్యెట్టకుండానే 'బాగుంది' అని రాసీసినాన్రా. దారిలో ఇరుసు కాలి ఇరిగి బండి పడిపోనాది. ఎనక పెట్టిలో గార్డు మా తమ్ముడే. దక్కలేదు."

నేను కూలర్ కట్టేశాను. ఆ నిశ్శబ్దంలో డబ్బా చల్లారిపోయింది. మావయ్య చెయ్యి మాత్రం తియ్యలేదు.