ఎద్దు మెదడులో అయిదు పూసలు

పుంగనూరు సంతలో, వెయ్యిమంది కళ్లెదుట, పశువు మెదడు మీద ప్రయోగం చేసిన మొట్టమొదటి మనిషిని నేనే. నవ్వకండి. ఆ ఘనకార్యంతో మా మామ చెంగప్ప ఎద్దు జన్మకంతా కుంటిదైపోయేది, నేను ఆ ఇంటి అల్లుణ్ణి కాకుండా పోయేవాణ్ణి.

డెబ్బైల చివర్లో మదనపల్లెలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లి, తలలో పట్టనంత చదువు. ఓ పత్రికలో చదివాను: మెదడు తన నొప్పికి తానే మందు తయారుచేసుకుంటుందట. పేరు ఎన్‌కెఫలిన్. అయిదే అయిదు అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన బుల్లి పెప్టైడు. ఒక నరం దాన్ని వదిలితే, నొప్పి కబురు పక్క నరం దగ్గరే ఆగిపోతుందట. చైనా వాళ్ల సూదివైద్యం పనిచేసేది బహుశా ఇందుకేనేమో అని కూడా రాశారు. ఇక నన్ను పట్టేవాడెవడు? బస్సు కండక్టరుక్కూడా చెప్పాను.

ఆ వారమే మామ ఎద్దుకు లాడాలు కొట్టించడానికి పుంగనూరు పోతూ నన్నూ రమ్మన్నాడు. మర్నాడు చౌడేపల్లె నుంచి బెల్లం బండి కట్టాలి. ఆయనకున్నది ఒకటే జత. ఎద్దును తాడుతో పడేసి, నాలుగు కాళ్లూ కట్టి లాడాలు కొట్టడం అక్కడి పద్ధతి. లాడాల మస్తాన్ సాయిబు తాడు తీశాడు. నా గుండె కరిగింది.

"ఆగు సాయిబూ! నిలబెట్టే కొట్టు."

"నక్కో సార్. తన్నిందంటే నా పండ్లు యాడ ఏరుకునేది?"

"నేను దాని పైపెదవి గట్టిగా మెలిపెడతా. ఆ పోటుకు మెదడులో మందు ఊరుతుంది. నువ్వు మేకు దించినా దానికి తెలియదు."

"మందు ఊరేది మీకు తెల్సు సార్. ఎద్దుకు తెల్సునా?"

మామ మెల్లగా అడిగాడు. "ఏమప్పా, పేపర్లో ఎద్దు అని రాసుండారా?"

"మెదడు అని రాశారు మామా. ఎద్దుకూ ఉంది కదా!"

చదువుకున్న అల్లుణ్ణి పదిమందిలో ఎలా కాదంటాడు? "కొట్టు సాయిబూ," అన్నాడు.

పెదవి పట్టి మెలిపెట్టాను. సాయిబు ముందుకాలు ఎత్తి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎద్దు కళ్లు అరమూతలు పడ్డాయి. మొదటి మేకు దిగింది. "ఊరింది! మామా, ఊరింది!" అని అరిచాను. రెండో మేకుకు ఎద్దు కాలు విదిలించింది. సుత్తి ఒక దిక్కు, సాయిబు ఒక దిక్కు, నేను పేడకుప్పలో.

"మేకు కండలో దిగిపోయిందప్పా! నెత్తర వస్తాండాది!" మామ కేక పెట్టాడు.

సాయిబు మేకు పీకి, పసుపూ నూనె పెట్టి గుడ్డ చుట్టాడు. ఎద్దు మాత్రం ఆ కాలు నేల మీద పెట్టలేదు. మామ దాని ముందు గొంతుకూర్చుని, "ఆనించు నాయనా, ఒక్కసారి ఆనించు," అని బతిమాలుతున్నాడు. నిజం చెప్పేస్తాను: వెయ్యిమంది లేరు. సంతా లేదు. సాయిబు కొట్టం ముందు ఆరుగురు మనుషులు, ఒక బర్రె. ఆ బర్రె కూడా నావైపే చూస్తున్నట్టుంది.

ఎంతసేపటికో గిట్ట నేలను తాకింది. తూలింది. నిలిచింది. మామ కళ్లు తుడుచుకున్నాడు. బండి రెండు రోజులు ఆగితే చాలన్నాడు సాయిబు. అప్పుడైనా నేను ఊరుకోవద్దా?

"చూశారా మామా! మందు ఊరింది. కాకపోతే కాస్త ఆలస్యంగా..."

మాట పూర్తికాలేదు. ఎద్దు అదే కాలెత్తి సరిగ్గా నా బొటనవేలి మీద పెట్టింది. మా వంశం మొత్తం కళ్లముందు కదిలింది. నా మెదడులో అయిదు పూసలు కాదు కదా, అర పూస కూడా ఊరలేదు.

ఆ వాచిన వేలి సాక్షిగా ప్రమాణం చేశాను: నాలుగు కాళ్లున్న ఏ ప్రాణికీ ఈ జన్మలో నొప్పి గురించి పాఠం చెప్పను.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. చింతపండు పిసుకుతూ తలెత్తకుండా అంది:

"కాలు తొక్కింది ఎద్దని యాల రాసినావు? తొక్కింది మా నాయన. నీ నోరు ఎట్లా మూయించల్లో తెలీక తొక్కినానని ఆ పొద్దే మా అమ్మతో చెప్పినాడు. అదీ చెప్పుకాలితో తొక్కినాడు."