పారబోయని నీళ్ళు

దుబాయిలోని సత్వాలో నేను పనిచేసిన ఇరానీ వాళ్ళింట్లో పెద్దావిడకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. కరోనాలో అందరికీ పనులు పోతుంటే నాకు ఆ ఇల్లు దొరికింది, దేవునికి స్తోత్రం. నేను బడికి వెళ్ళలేదు. మా అమ్మే బైబిల్ అక్షరాల మీద నా వేలు పెట్టించి చదువు నేర్పింది. ఇంగ్లీషు రాదు కాబట్టి ఆసుపత్రి వాళ్ళిచ్చిన తిండి కాగితాన్ని పెద్దావిడ కూతురు హిందీలో చెబితే, తెలుగులో రాసి పొయ్యి పక్కన అంటించుకున్నాను.

కూరగాయలు కోసి నానబెట్టాలి. ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికించాలి. ఉప్పు లేదు, ఖర్జూరం లేదు. తాగే నీళ్ళు కూడా కొలిచే ఇవ్వాలి.

"ఇది తిండా, ఉతికి ఆరేసిన గుడ్డా?" అనేది పెద్దావిడ. వాళ్ళ నాన్న ఇరాన్‌లో హకీము. "లేవలేని రోగికి మా నాన్న ఆష్ పట్టించేవాడు. బార్లీ, ఆకుకూరలు వేసి కాచిన జావ. సారమంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది బేటీ. నువ్వేమో నా ప్రాణం తీసుకెళ్ళి సింకులో పోస్తున్నావు."

నాకూ అలాగే అనిపించేది. మా కోనసీమలో పప్పు కట్టును ఎవరూ పారబోయరు, చారు కాస్తారు. జ్వరం పడి లేచినవాళ్ళకు ముందు పోసేది అదే. ఒకరోజు పాలకూర, బంగాళాదుంపలు ఉడికిన నీళ్ళు వంచబోతుంటే చెయ్యి రాలేదు. అందులోనే బార్లీ పోసి చిక్కగా కాచాను. పెద్దావిడ గిన్నె అడుగు దాకా నాకింది.

"ఖలాస్! ఇక నేను చావను. కూతురికి చెప్పకు."

నాలుగు రోజులు పెట్టాను. ముఖంలో కళ వచ్చిందని ప్రార్థనలో స్తుతించాను కూడా.

ఐదోనాడు కాళ్ళు కదలట్లేదంది. గుండె తప్పి తప్పి కొట్టుకుంది. ఒంట్లో పొటాషియం పెరిగిపోయిందన్నారు ఆసుపత్రిలో. కూరలు ఉడికిన నీళ్ళలోకి దిగేది అదేనట.

కూతురు మాస్కు కిందికి లాగి, "ఏం పెట్టావు? నిజం చెప్పు" అంది.

చెబితే పని పోతుంది, వీసా పోతుంది. చెప్పకపోతే, ఇంటికొచ్చాక ఆవిడ మళ్ళీ అడుగుతుంది, నేను మళ్ళీ పెడతాను.

"ఆ నీళ్ళు పారబోయలేదు మేడం. ఆష్ కాచాను."

"రాసుకున్నావు కదా! గోడకు అంటించుకున్నావు కదా!"

"అమ్మకు బలం వస్తుందనుకున్నాను మేడం."

ఆమె లోపలికి వెళ్ళి డాక్టరుకు చెప్పింది.

పెద్దావిడ బతికి ఇంటికొచ్చింది. నన్ను పంపించెయ్యలేదు, అందుకు ఈనాటికీ కృతజ్ఞురాలిని. వంట మాత్రం కూతురు తీసుకుంది. తినిపించడం నాకు మిగిలింది. చెంచా దగ్గరకు తెస్తే పెద్దావిడ పెదవులు బిగించేది.

"ఒక్క గుక్క కాచివ్వు బేటీ. ఎవరికీ తెలీదు."

నెలన్నరపాటు అడిగింది. నెలన్నరా నేను తల అడ్డంగానే ఊపాను. చివరి రెండు రోజులు అడగలేదు, నా వైపు చూడనూ లేదు. ఆకలితోనే పోయింది.