ఆజీ నడిచిన గీత

వాన వెలిసిన పొద్దున ముంబయి చౌపాటీ ఒడ్డున రుతుజ పరుగెత్తుతుంటే, ఫోన్‌లో ఒక నారింజ రంగు గీత ఆమె వెనకాలే సాగుతుంది. సముద్రం ఎక్కడ వంపు తిరిగితే గీతా అక్కడ వంపు తిరుగుతుంది. ఇంటికొచ్చి, తడి జుట్టు ఆరకముందే ఆమె దాన్ని తెరిచి చూసుకుంటుంది. అందులో ఒక పేరు, ఒక గీత, చుట్టూ నీళ్ల నీలం. ఇంకేమీ ఉండదు.

కాలేజీలో స్నేహితులందరి ఫోన్లలోనూ ఆ గీత గీసే యాప్ ఉంది. అక్క పెళ్లిలోగా సన్నబడాలని సాక్షి పెట్టుకుంది. తన గీత అందరికంటే పొడుగ్గా ఉండాలని హితేష్ ఆశ. నడిచిన రోజు నిద్ర పడుతుందని మనాలి అంటుంది. రుతుజ మాత్రం తన కారణం ఎవరికీ చెప్పలేదు. నువ్వెక్కడుంటావని ఆ యాప్ అడగదు. అంతే.

ఆ ప్రశ్నకు వాళ్లింట్లో ఎప్పటినుంచో ఒకటే జవాబు: ముంబయి సెంట్రల్ దగ్గర. తండ్రి శంకర్రావు తను కాపలా ఉండే ఆఫీసులో అదే చెబుతాడు, బడిలో అదే చెప్పమని రుతుజకూ నేర్పించాడు. ముత్తాతలు తెలుగునేల నుంచి కామాటీలుగా, అంటే కూలీలుగా వచ్చి, రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ నగరం గోడలు లేపారు. వాళ్లున్న పేటకు వాళ్ల పేరే మిగిలింది, కామాటిపుర. కానీ ఆ పేరు చెబితే వినేవాళ్లకు తాపీలూ తట్టలూ గుర్తుకు రావు. గడపల్లో నిలబడే ఆడవాళ్లే గుర్తుకొస్తారు. వాళ్ల చూపు చెప్పిన మనిషి మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగుతుంది. అందుకే రుతుజ గల్లీ దాటి, ఫాక్‌లాండ్ రోడ్డు దాటి, ఉప్పుగాలి ముఖానికి తగిలాకే స్టార్ట్ నొక్కేది. అక్కడే ఆపేసి, గీత లేని మనిషిగా ఇంటికి నడిచొచ్చేది.

ఆషాఢంలో కాలేజీలో జట్ల మధ్య నడక పోటీ పెట్టారు. రుతుజా, ఆ ముగ్గురూ ఒకే జట్టు. జట్టులో ఒక్కరు ఒక్కరోజు కదలకపోయినా జట్టంతా వెనకబడుతుంది. పోటీ సగంలో ఉండగా వాళ్లుండే చాల్ భవనం మెట్ల మీద రుతుజ కాలు జారింది. చీలమండ ఉబ్బింది. మంచం మీద కాలు చాపుకుని ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది.

ఆమె నాయనమ్మ మల్లవ్వ అప్పుడే గొడుగు తీసుకుని బయలుదేరుతోంది. ఇంట్లో అందరూ ఆమెను మరాఠీ వాళ్లలాగే ఆజీ అంటారు. ఆదివారం బోనాలు. తెలుగువాళ్ల ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవడం ఏటా ఆమె పనే. మనవరాలి దిగులు తెలుసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"గా ఫోన్ నాకియ్యి పోరీ. గల్లీలన్నీ తిర్గేదే గదా. నా నడక నీ పేరు మీద రాస్కో."

"చీటింగ్ అయితది ఆజీ."

"ఏం చీటింగు? గా కాళ్లు నీకెక్కడికెల్లి వచ్చినయే? నా కాళ్లే గదా."

రుతుజకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో, కాలి సలుపులో, ఎప్పుడూ మరవని సంగతి మరిచిపోయింది. స్టార్ట్ నొక్కి ఫోన్‌ను ఆజీ నడుము దగ్గరి గుడ్డసంచిలో పెట్టింది.

మల్లవ్వ సన్నటి జల్లులో గల్లీ వెంట గల్లీ తిరిగింది. గడప గడపకూ ఆగి, బొట్టు పెట్టి, ఆదివారం తప్పక రావాలని చెప్పింది. తెలుగు ఇళ్ల పక్కన గుమ్మాల్లో పౌడరు పూసుకుని నిలబడ్డ ఆడవాళ్లు కూడా నుదురు ముందుకు చాపారు. వాళ్లనూ దాటిపోలేదు. అమ్మవారి పండుగకు ఒక నుదురు వదిలిపెట్టడం ఆమెకు చేతకాదు. దీపాలు పెట్టే వేళకు తడిసిన చీర కుచ్చిళ్లతో, గెలిచినదానిలా ఇంటికొచ్చింది.

రుతుజ ఫోన్ తీసి చూసింది. గీత చిక్కుపడ్డ దారంలా ఉంది. దాని కింద గల్లీల నంబర్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో చుక్కలు చెబుతున్నాయి. యాప్ దాన్ని అప్పటికే జట్టందరికీ పంపేసింది.

హితేష్ హిందీలో రాశాడు, పక్కన నవ్వే బొమ్మలు పెట్టి: "సాయంత్రం పూట కామాటిపురలో గడప గడపా ఆగావే రుతుజా. బేరం బాగుందా?"

సాక్షి ఒక నవ్వు బొమ్మ పెట్టి, వెంటనే తీసేసింది. రుతుజ గీతను చెరిపేసింది. అప్పటికే హితేష్ దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు.

ఉన్నదున్నట్టు రాసింది. అది తను కాదని, నాయనమ్మ పండుగ పిలుపులకు వెళ్లిందని.

"ఓహో, ఇంటిల్లిపాదికీ అదే వ్యాపారమన్నమాట," అని హితేష్ జవాబు.

ఇక చెప్పడానికి ఒక్క మాటే మిగిలింది: మా ఇల్లు అక్కడే. దాన్ని రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. ఇన్నేళ్లు దాచిన మాట ఇప్పుడు నిజంగా చెప్పినా ఒప్పుకోలులాగే ఉంటుంది. కొట్టేసింది.

అప్పుడు మనాలి విడిగా రాసింది. "నేను వాళ్లలా నవ్వను. ఇంట్లో ఏ ఇబ్బందున్నా నాతో చెప్పు. మా పిన్ని ఒక సంస్థలో పనిచేస్తుంది. అలాంటి చోటు నుంచి అమ్మాయిలను బయటికి తెస్తారు. భయపడకు."

హితేష్ మాటకు కోపమైనా వచ్చింది. ఈ మాటకు అదీ రాలేదు. ఎక్కడి నుంచి బయటికి? రుతుజ చుట్టూ చూసింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. తండ్రి చొక్కా తీగ మీద ఆరుతోంది. అమ్మవారి పటానికి రాత్రి కట్టబోయే మామిడాకులు బకెట్లో తేలుతున్నాయి.

మల్లవ్వ వేడి చేసిన పసుపు, సున్నం తెచ్చి ఆమె కాలికి పట్టువేయసాగింది.

"నా నడక సూసి నీ దోస్తులు ఏమన్నరు?"

"మస్తు నడిచినవన్నరు."

ముసలి ముఖం వెలిగింది. "అయితె వాళ్లను గూడ పిల్వు బోనాలకు. ఫోన్ల పిలిస్తె మర్యాద గాదు. రేపు నేనే మీ కాలేజీకొచ్చి బొట్టు వెట్టి పిలుస్త."

"వద్దు ఆజీ. వాళ్లకు పరీక్షలున్నయి."

"ఆదివారం ఏం పరీక్షలే?"

రుతుజ కాలు ఆమె వైపు ఇంకొంచెం జరిపింది. మల్లవ్వ తల వంచి పసుపు రాస్తూ, ఎవరెవరొస్తారు, ఎంతమందికి వండాలి అని తనలో తానే లెక్క వేసుకుంటోంది. రుతుజ చేతిలోని ఫోన్ మళ్లీ వెలిగింది. మనాలి ఇంకేదో రాస్తోంది.