మట్టంగా పరిచిన కోర్టు

బుధవారం మధ్యాహ్నం దాకా కుమారస్వామి జానెడు చీర కూడా నేయలేదు. మగ్గం గుంటలో కాళ్లు పెడతాడు, మళ్లీ లేచి వాకిట్లోకి వచ్చి ఆకాశం చూస్తాడు. బత్తలపల్లి వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది.

"చీర మీద పడదులే వాన. కూర్చోని నేస్తావా, ల్యాకుంటే మబ్బుకు కాపలా కాస్తావా?" అంది భార్య పుష్పావతి, కండెలు చుడుతూ.

ధర్మవరంలో వాళ్ల వీధి వాలీబాల్ క్లబ్బుకు అతనే పెద్ద. పగలంతా గుంటలో ముడుచుకున్న కాళ్లు సాయంత్రం ఎగిరితే తప్ప ఊరుకోవని నలుగురు నేతగాళ్లతో మొదలుపెట్టాడు. నేల మాత్రం నల్లరేగడి. చినుకు పడితే చెప్పును వదలదు. క్లబ్బు ఏటా పెట్టే పోటీ వరుసగా రెండేళ్లు బురదలో ఆగిపోయింది. ఈసారీ ఆగితే పోటీ తమ ఊరికి వచ్చేస్తుందని పెనుకొండ క్లబ్బు చంద్రమోహన్ ఫోన్లో నవ్వుతూనే చెప్పాడు.

"బాధపడొద్దప్పా. చూసేదానికి వస్తే మీకు ముందు వరసలో కుర్చీలు ఏపిస్తాం."

ఆ నవ్వు అతన్ని నిలవనివ్వలేదు. హిందూపురం వెళ్లి నీలం రంగు రబ్బరు కోర్టు చూశాడు. అడుగుపెడితే పాదం తేలిపోయింది. ధర విన్నాక టీ సగంలో వదిలేసి బస్సెక్కాడు. సిమెంటు చవక, వానకూ భయం లేదు. కానీ బంతికి దూకేవాళ్ల మోకాళ్లు ఏడాది ఆగవు. చివరికి సన్నరాళ్లు కలిసిన గరుసు మట్టి అనుకున్నారు. రేగడి తవ్వి తీసి కింద కంకర, దానిమీద గరుసు, పైన క్రషర్ రాతిపొడి, నీళ్లు చల్లి రోలరు. వాన వెలిసిన గంటకే ఆడొచ్చని రొద్దం ఆటగాళ్లు చెప్పారు.

పోయిన వారం ఆ పరిచే పని కుమారస్వామి ఎవరికీ వదల్లేదు. పడుగు కట్టినట్టే నాలుగు మూలలా దారం లాగాడు. నీళ్ల ట్యూబు పట్టి మట్టం చూశాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నచోటల్లా మళ్లీ గీకించాడు. రోలరు తోలే రామాంజినేయులుకు విసుగొచ్చింది.

"ఏమన్నా, ఇది బంతి ఆడేదానికా, పట్టు ఆరేసేదానికా?"

"వంకర చూస్తే నాకు నిద్ర రాదబ్బా," అన్నాడు.

నాలుగింటికి వాన దిగింది. వెలియగానే కుమారస్వామి చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు. పుష్పావతి వెనకే వచ్చింది. కోర్టు మీద బురద లేదు. నీళ్లున్నాయి. ఈ గీత నుంచి ఆ గీత దాకా, వేలి లోతున, అద్దం పరిచినట్టు. గంట గడిచినా కదల్లేదు.

"యాడ చూసినా ఒకటే లోతు," అంది పుష్పావతి. "నీ పనితనానికి వంక పెట్టేదానికి ల్యా."

అతను నీళ్ల చుట్టూ తిరిగాడు, ఆగాడు, మళ్లీ తిరిగాడు. చీరకు వాలు అక్కర్లేదు. నీళ్లకు కావాలి. ముప్పై ఏళ్లుగా మట్టం తప్ప మరొకటి చూడని కంటికి ఆ ముక్క తట్టలేదు. పోటీ ఆదివారం.

రామాంజినేయులుకు ఫోన్ చేశాడు. "రోలరు యాడుండాది?"

"నా దగ్గరే ఉండాది. ఏంటికి?"

"రేపు పొద్దున్నే తోలుకోని రా. పైపొర మళ్లా గీకల్ల."

"ఇంగా ఏం మట్టం చేస్తావన్నా?"

"మట్టం చెడగొట్టేదానికే."

నడిమి గీత దగ్గర ఒక గూటం, అంచున ఒక గూటం దిగ్గొట్టి దారం కట్టాడు. అలవాటుగా చెయ్యి దాన్ని సమం చేయబోయింది. వెనక్కి తీసుకున్నాడు. అంచున దారం మూడంగుళాలు కిందికి ఉంది.