ఫిట్ అంటేనే గడప దాటాలి

ఎవరు ఎదురైనా అప్పలకొండ ముందు చెయ్యి చాచి, వేళ్ళ వెనకవైపుతో వాళ్ళ చెవి తాకి చూస్తాడు. నమస్కారం ఆ తర్వాత.

చెవి వెచ్చగా ఉంటే "ఫిట్" అంటాడు. చల్లగా ఉంటే "సిక్" అంటాడు. సిక్ అనిపించుకున్నవాళ్ళు ఆయన ఇంట్లోంచి ఇంకో స్వెట్టరో, కోటో, బొంతో కప్పుకోకుండా బయటపడిన సందర్భం బిలాస్‌పూర్ పక్కనున్న లాల్‌ఖదాన్‌లో ఇంతవరకూ లేదు. గ్యాసుబండ తెచ్చినవాడు మఫ్లరుతో వెళ్ళాడు. ఓట్ల జాబితా రాసుకోవడానికి వచ్చిన టీచరమ్మ మేజోళ్ళతో వెళ్ళింది. ఇంతమందిని ఇంత వెచ్చగా ఉంచే మనిషి ఇంట్లో హీటరు మాత్రం ఉండకూడదు. అది ఆయన చట్టం.

ఈ చెవుల పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. బిలాస్‌పూర్ యార్డులో ఆయన ముప్పై ఆరేళ్ళు రైలు పెట్టెలను పరీక్షించాడు. బొగ్గు బండి వచ్చి ఆగగానే ఒక్కో పెట్టె దగ్గరా వంగి, ఇరుసు కొనను చేతి వెనకవైపుతో తాకేవాడు. కాలుతోందంటే దానికి జబ్బు చేసినట్టు. పెట్టె మీద సుద్దముక్కతో "సిక్" అని రాసి, తేదీ వేసి, సిక్ లైన్ అనే పక్క పట్టాల మీదికి తోయించేవాడు. అన్నీ బాగుంటే "ఫిట్" అని కాగితం ఇచ్చేవాడు. ఆ కాగితం లేనిదే బండి కదలదు. తర్వాత వేడి చూసే యంత్రాలు వచ్చాయి. ఆయన యంత్రంతో ఒకసారి చూసి, చేత్తో ఇంకోసారి చూసేవాడు.

రిటైరైన రోజున గోడ గడియారం ఇచ్చి పంపారు. మనిషి ఇంటికి వచ్చాడు కానీ చెయ్యి డ్యూటీ దిగలేదు. బండ్లు దొరక్క మనుషుల మీద పడింది. యార్డులో వేడి జబ్బు, ఇంట్లో చలి జబ్బు. తేడా అంతే.

కార్తీకమాసంలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నీలవేణికి ఇవేమీ తెలియవు. ఆమెది భీమిలి. అక్కడ చలికాలమంటే ఫ్యాను అయిదులోంచి రెండులోకి తగ్గించడం. బిలాస్‌పూర్‌లో మొదటి ఉదయం కుళాయి కింద చెయ్యి పెట్టి, కెవ్వుమని అరిచి, ఏదో కరిచిందనుకుంది.

కొత్త కోడలి చెవి తాను తాకడం బాగుండదని అప్పలకొండ ఆ పరీక్షను భార్య అచ్చియమ్మకు అప్పగించాడు. తాను గది బయట గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎలగున్నాది?"

"సల్లగున్నాది."

"ఎంత సల్లగ?"

"కుల్ఫీ లాగున్నాది."

"సిక్. మూడు పొరలెయ్యి."

పొరలకు కొదవలేదు. మంచం కింద ఇనప ట్రంకు నిండా పొరలే. అచ్చియమ్మ పాత చీరలు పేర్చి కుట్టిన బొంతలు. ఆయన యూనిఫాం కోట్లు. మోచేతులు చిరిగిన స్వెట్టర్లకు చేతులు కత్తిరించి, ఆ చేతులను పిక్కలకు తొడుగులు చేశాడు. చేతుల్లేని మిగతా భాగం లోపల వేసుకోవడానికి. కొత్త బట్ట ఒక్కటీ లేదు. ఏదీ పారేసిందీ లేదు.

అరగంటలో నీలవేణి నేత చీర మీద తన భర్త నూకరాజు బడి రోజుల స్వెట్టరు, దాని మీద శాలువా, తలకు మఫ్లరు, మెట్టెలకు అడ్డం రాకుండా రెండో వేలి దగ్గర కోసిన మేజోళ్ళతో తయారైంది. ఫోటో తీసి భీమిలిలో ఉన్న అక్క భానుప్రియకు పంపింది.

"ఎవరే ఈ ముసలావిడ?" అని జవాబొచ్చింది.

భానుప్రియ ఒకప్పుడు జనవరిలో ఈ ఊరి మీదుగా ప్రయాణం చేసింది. అందుకే చెల్లెలి పెళ్ళికి రెండు రాడ్ల హీటరు కానుక ఇచ్చింది. అది అట్టపెట్టెలోనే బీరువా మీద కూర్చుని ఉంది. నీలవేణి దాన్ని రోజూ దేవుడి పటాన్ని చూసినట్టు చూసేది. ఒకరోజు ధైర్యం చేసింది.

"మావయ్యా, ఆ హీటరు ఒక్క గంట పెట్టుకుందామా?"

"హీటరు గోడల్ని కాస్తాదమ్మా. గోడకి సలేటి? సలి మనిసికి. మనిసిని కప్పాల."

"కప్పుకున్నాను కదా మావయ్యా. ఇంకా చలేస్తోంది."

"అచ్ఛా! అయితే పొర తక్కువైనాది," అని ట్రంకు తీశాడు.

ఈ వ్యవహారం ఇంటితో ఆగేది కాదు. మూడిళ్ళ వరసలో చివరి ఇంట్లోకి చంద్రమౌళి అనే బొగ్గు ఆఫీసు ఉద్యోగి అద్దెకు దిగాడు. తెలంగాణ మనిషి, మర్యాదస్తుడు. లారీలోంచి ఆయన కొత్త హీటరు దిగుతూండగానే అప్పలకొండ చెయ్యి చాచాడు. చంద్రమౌళి కరచాలనమనుకుని తన చెయ్యీ చాచాడు. ఆ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఈ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళిపోయింది.

"సిక్," అన్నాడు అప్పలకొండ.

మర్నాడు సాయంత్రానికి చంద్రమౌళికి రెండు బొంతలు, ఒక రైల్వే కోటు అందాయి. మూడో రోజున హీటరు కొన్న కొట్టుకే తిరిగి వెళ్ళిపోయింది. ఆ కోటులో స్టేషనుకు వెళ్తే ఎవరో సెల్యూట్ చేసి, కోర్బా బండి ఎంత లేటని అడిగారట. తెలియదంటే బాగుండదని నలభై నిమిషాలు అన్నాడట. తీరా అది నలభై నిమిషాలే లేటైంది. అప్పటినుంచి ఆ కోటు విప్పడం లేదు.

మధ్య ఇల్లు అసిరమ్మది. రైల్వే గ్యాంగులో పట్టాలు కాసిన మనిషి భార్య. ఆయన పోయి పదేళ్ళు. ఆవిడ ఊపిరితిత్తులు బాగా అలిసిపోయాయి. రాత్రీ పగలూ లేకుండా ఎప్పుడు ఆయాసం వస్తే అప్పుడు ముక్కుకు గొట్టం పెట్టుకుని, ఆక్సిజన్ ఇచ్చే మిషను పక్కన కూర్చోవాలి. నోటికి మాత్రం ఏ అలుపూ లేదు. గోడ పక్కన పీట వేసుకుని, ఊపిరి అందినంత మేర అప్పలకొండను తిట్టడం ఆవిడకు రోజూ ఉండే పని.

"కొండన్నా! పెళ్ళికూతురు వణికిపోతాంది. హీటరెయ్యవేటి, పిసినారోడా?"

"నీ సెవి సూపించు ముందు."

"నా సెవి బాగానే ఉన్నాది. నీ బుద్ధికే సలేసినాది. ఓలమ్మీ నీలవేణీ, మీ మావ సూర్యుణ్ణి కూడా కొంచెం తగ్గించమంటాడు, ఎండ అయిపోతాదని!"

వీధంతా నవ్వేది. అచ్చియమ్మ అందరికంటే గట్టిగా, గోడవతలికి వినబడేలా "పిసినారే, పిసినారే!" అనేది. అప్పలకొండ గుమ్మడికాయంత మంకీ టోపీ సవరించుకునేవాడు.

పుష్యమాసం వచ్చేసరికి నీలవేణి నవ్వడం మానేసింది. కాలివేళ్ళు వాచాయి. ఆ వారంలోనే నూకరాజుకు రైల్వే కాలనీలో క్వార్టర్ ఇచ్చారు. అతను రైలింజనులో సహాయక డ్రైవరు. కావాలో వద్దో సోమవారం కల్లా రాసివ్వాలి.

"ఆ పెట్టె ఆదివారం లోపల బీరువా దిగితే మనం ఇక్కడే. దిగకపోతే క్వార్టర్. మావయ్యకి నువ్వే చెప్పు," అంది నీలవేణి.

నూకరాజు చెప్పాడు. అప్పలకొండ విన్నాడు. కొడుకు చెవి తాకి "ఫిట్" అని, పెరట్లోకి వెళ్ళి కట్టెలు కొట్టుకోసాగాడు. అచ్చియమ్మ వెనకే వెళ్ళింది. వంటగది కిటికీలోంచి నీలవేణికి రెండే మాటలు వినబడ్డాయి.

"ఒక్క మాట సెప్పీరాదేటి పిల్లకి?"

"సెప్పను."

ఎంత మొండి మనిషి, అనుకుంది నీలవేణి. కొడుకు ఇల్లు విడిచి వెళ్తానంటే కరగని మనిషి రెండు రాడ్లకు కరుగుతాడా? ఆ రాత్రే చీరలు సర్దడం మొదలుపెట్టింది.

ఆదివారం సాయంత్రం నూకరాజు డ్యూటీకి వెళ్ళాడు. పెరట్లో గొడ్డలి చప్పుడు వినబడుతోంది. నీలవేణి కుర్చీ ఎక్కి అట్టపెట్టె దింపింది. గది తలుపు వేసి ప్లగ్గు పెట్టింది. రెండు రాడ్లూ మెల్లగా ఎర్రబడ్డాయి. పిక్క తొడుగులు, మేజోళ్ళు విప్పేసింది. నెలన్నర తర్వాత తన కాలివేళ్ళన్నీ ఒకేసారి కనిపించాయి. పదీ ఉన్నాయి. వాటిని హీటరు ముందు పెట్టి కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి పైన బల్బు మసకబారి నారింజ తొనలా ఉంది.

గోడవతల "కుయ్, కుయ్, కుయ్" అని మిషను అరుస్తోంది. పెరట్లో గొడ్డలి చప్పుడు ఆగిపోయింది.

నీలవేణి కిటికీలోంచి చూసింది. అరవై నాలుగేళ్ళు, అయిదు పొరలు, రెండు అరిగిన మోకాళ్ళు ఉన్న మనిషి గోడ దూకుతున్నాడు. లుంగీ దూకింది, పైజామా దూకింది, కోటు దూకింది. మంకీ టోపీ మాత్రం గోడ మీది మేకుకు చిక్కుకుని ఇవతలే ఉండిపోయింది.

"మాటాడకు అసిరమ్మా. కంగారొద్దు. మెల్లిగ ఊపిరి తియ్యి."

"మిషను... ముసల్దైపోనాది... అన్నా."

"అవును. మనలాగే. మాటాడొద్దన్నానా?"

ఈలోగా అచ్చియమ్మ గదిలోకి వచ్చింది. నేరుగా వెళ్ళి స్విచ్చి ఆపింది. బల్బు తెల్లగా వెలిగింది. గోడవతల అరుపు ఆగిపోయింది.

నీలవేణి బల్బును చూసింది. గోడను చూసింది. హీటరును చూసింది.

అచ్చియమ్మ గొంతు బాగా తగ్గించింది. "ఈ మూడిళ్ళకీ సివరి స్తంభం నుంచి ఒకటే తీగమ్మా. హీటరెడితే ఆ మిషనుకి కరెంటు సాలదు. పోయిన మాఘమాసంలో మావయ్యే హీటరు తెచ్చి పెట్టినాడు. అప్పుడూ ఆ మిషను ఇలగే ఏడ్సినాది. హీటరు ఆపగానే ఊరుకున్నాది. ఆ రోజే ఎవరికో ఇచ్చీసినాడు."

"అసిరమ్మ పిన్నికి చెప్పొచ్చు కదత్తయ్యా? ఆవిడ రోజూ అన్ని మాటలంటుంటే?"

"సెప్తే ఏటి సేస్తాదో తెల్దేటి? పెళ్ళికూతురు వణుకుతాంటే నాకెందుకీ మిషనని అదే ఆపీసుకుంటాది. అలాటి మనిసది."

"నాకైనా చెప్పొచ్చు కదా?"

"నీది గాజుసీసా మొకమమ్మా. లోపలున్నదంతా బైటికి కనపడిపోతాది. ఆవిడ ఒక్కపాలి సూసిందంటే పట్టీసుకుంటాది."

నీలవేణి మేజోళ్ళు అందుకుని మళ్ళీ తొడుక్కోసాగింది.

"చంద్రమౌళి గారి కోటు..."

"అదీ అందుకే."

"టీచరమ్మ మేజోళ్ళు? గ్యాసబ్బాయి మఫ్లరు?"

"అయి మాత్రం అలవాటు," అంది అచ్చియమ్మ. "ఆ సెయ్యి ఆగదు. కరెంటాఫీసులో అర్జీ పెట్టినాడు. హోలీ ఎల్లినాక కొత్త తీగేస్తారట."

"హోలీ వెళ్ళాక చలేముంటుంది అత్తయ్యా!"

"అదే మరి," అంది అచ్చియమ్మ. అత్తాకోడళ్ళిద్దరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

అప్పలకొండ ఈసారి గేటులోంచి వచ్చాడు. ఒక మోకాలు పట్టుకుని కుంటుతూ గుమ్మంలో ఆగాడు. తల మీద టోపీ లేదు. ఆ బట్టతలను నీలవేణి చూడటం అదే మొదటిసారి. ఆయన హీటరు వైపు చూశాడు. భార్య ముఖం చూశాడు. విషయం బయటపడిందని అర్థమైంది. దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

నీలవేణి ముందుకు వచ్చి, చెయ్యి చాచి, వేళ్ళ వెనకవైపుతో ఆయన చెవి తాకింది.

"సిక్," అంది.

"నానా?" అన్నాడు అప్పలకొండ. జీవితంలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు.

"మీరే మావయ్యా. కుల్ఫీలా ఉంది. టోపీ గోడ మీద ఉంది, తెస్తాను. అత్తయ్యా, రెండు పొరలు."

ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. బొంత కప్పించుకున్నాడు. కాసేపటికి బొంతలోంచి ఒక ప్రశ్న వచ్చింది.

"క్వార్టర్ సంగతేటమ్మా?"

"వద్దని రాసిమ్మంటాను. అక్కడ చెవి చూసేవాళ్ళెవరున్నారు?"

బొంత కొంచెం కదిలింది. నవ్వాడో, వణికాడో తెలియలేదు.

మర్నాడు ఉదయం అప్పలకొండ సుద్దముక్క వెతికి తీశాడు. హీటరును అట్టపెట్టెలో పెట్టి, పెట్టె మీద "సిక్" అని రాసి, కింద తేదీ వేసి, బీరువా మీదికి ఎక్కించాడు.

గోడవతల అసిరమ్మ అప్పటికే పీట వేసుకుంది.

"కొండన్నా! నిన్న ఈ వయసులో గోడెందుకు దూకినావు? గేటున్నాది కదా! గేటు తీస్తే బందులరిగిపోతాయనా?"

అప్పలకొండ నోరు తెరిచేలోగా నీలవేణి గోడ దగ్గరికి వచ్చింది. ముఖం వీలైనంత మామూలుగా పెట్టింది.

"అవును పిన్నీ. రోజుకు రెండుసార్లే తీయాలి. నేనే చెప్పాను."

అసిరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో! నీకూ అంటుకున్నాదేటే!"

అప్పలకొండ పాలకు వెళ్ళడానికి చేతిసంచి అందుకున్నాడు. గడప దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరిగి, కోడలి ముందుకు వచ్చి, మంకీ టోపీ ఒకవైపు పైకి లేపి, కొంచెం వంగి, చెవి చూపించాడు.

"సూడమ్మా."

నీలవేణి తాకి చూసింది. తొందరపడలేదు. యార్డులో బండిని చూసినంత శ్రద్ధగా చూసింది.

"ఫిట్," అంది.

ఆయన టోపీ దించుకుని గడప దాటాడు.