సామ్యేలు కుడికన్ను

నంద్యాలలోని ఒక చర్మవైద్యుని ల్యాబులో పనిచేసే సామ్యేలుకు ముఖాలు గుర్తుండవు. ఎడమకన్ను మూసి, కుడికన్ను మైక్రోస్కోపుకు ఆనించి, ఇరవై ఏళ్లుగా అతను వెంట్రుకల వేర్లే చూస్తున్నాడు. బట్టతల మొదలైనవాళ్ల కుదుళ్లు ఏటేటా కుంచించుకుపోయి, పట్టుపోగంత వెంట్రుకను కంటాయి. పేనుకొరుకుడు సోకిన చోట వెంట్రుక మొదలు సన్నగిల్లి, ఆరిపోయే వత్తిలా ఉంటుంది. మచ్చకట్టిన కుదురు మళ్లీ నోరు తెరవదు. ఏది చూసినా, ఫలితం చెప్పేటప్పుడు అతని గొంతు ఒకటే.

ఆ ఉదయం ఆళ్లగడ్డ నుంచి ఓబుళమ్మ, ఇంటర్ చదివే కూతురు హారికను ల్యాబుకు తీసుకొచ్చింది. పిల్ల నడినెత్తి అరచేయంత మేర బోసిగా ఉంది. "మా బోర్లో ఉప్పునీళ్లు సార్. ఆర్నెల్లుగా క్యాను నీళ్లు మోసుకొచ్చి తలకు పోస్తాండా. ఏం తగ్గల్యా" అంది తల్లి. డాక్టరు తీసిచ్చిన నమూనాలో వెంట్రుకలు ఒక్కొక్కటి ఒక్కో పొడవున తెగి ఉన్నాయి. వేర్లు మెలితిరిగి, చుట్టూ నెత్తురు చిమ్మి ఉంది. సామ్యేలు తలెత్తాడు. తల్లి వెనక నిలబడి హారిక, చెప్పొద్దని చేతులు జోడించింది.

"నీళ్లు కాదమ్మా. నీ బిడ్డే పీక్కుంటాంది."

"ఏందే! నేను క్యాన్లు మోసి చస్తాంటే నువ్వు పీక్కుంటాండావా?" ఓబుళమ్మ కూతురి జుట్టు దొరకబుచ్చుకుని గుంజింది. నాలుగు వెంట్రుకలు పిడికిట్లోకి ఊడొచ్చాయి. సామ్యేలు ఆ పిడికిలి కింద చేయి చాచాడు.

"అవి పారెయ్యద్దమ్మా, ఇట్లియ్యి. వేరుతో సహా వచ్చినాయి" అంటూ కొత్త గాజుపలక తుడిచాడు.