మునుం మొదట

మిరప చేన్లో కూలీలు ఒక్కో సాలు పట్టుకొని బారుగా నిలబడితే దాన్ని మునుం అంటాం. మొదటి సాలు పట్టిన ఆడమనిషి చేన్లో కాలు పెట్టేదాకా తతిమ్మా వాళ్లు పెట్టరు. ఆమె వంగితే వంగుతారు, ఆమె నీళ్లు తాగితే తాగుతారు. చండ్రుగొండ పక్కన మా పల్లెలో ఆ సాలు చాలా ఏళ్లు ఒక పెద్దమ్మదే. మోకాళ్లు పట్టేశాక ఆమె కొస సాలుకు జరిగి, నన్ను ముందుకు తోసింది. నేనేమో కల్లూరు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. నా పిల్లలు బడికి పోతున్నా ఊళ్లో నాకు 'కల్లూరుది' అన్న పేరు పోలేదు. "ఊళ్లె ఆడోళ్లే దొరకలేదా?" అని వెనక గొణుక్కోవడం వినబడుతూనే ఉండేది. నాకసలే ముక్కు మీద కోపం. అయినా పళ్లు బిగబట్టి ఊరుకున్నాను.

ఆ పొద్దున ఆటో దిగి గట్టు ఎక్కగానే పురుగుమందు వాసన గుప్పుమంది. ఆకులు ఇంకా తడిగా ఉన్నాయి. మాలో ఒకామెకు ఐదో నెల. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"మందెప్పుడు కొట్టిండ్రయ్యా?" అని చేను ఆసామిని అడిగాను.

"నిన్న సాయంత్రం. ఆరిపోయిందిలే, దిగండి."

"ఆరితే గింత వాసనేంది? ఇయ్యాల మేం దిగం. రెండు రోజులాగి వస్తం."

"దిగకపోతే రేపటి నుంచి వేరే ముఠాను పిలుచుకుంటా."

మిరప ఏరే రోజులు పోతే మాకు ఏడాదంతా కష్టమే. అబద్ధమెందుకు, భయమేసింది. అయినా గట్టు మీద కూర్చున్నాను. నా వెనక ఒక్కరూ కూర్చోలేదు. నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూస్తున్నారు.

"కల్లూరు నుంచి వచ్చి మా ఊళ్లో పెత్తనమా?" అని ఆసామి నవ్వాడు.

ఒళ్లు మండింది. "అయితే మొదటి సాలు ఇయ్యాల మీరే పట్టుండ్రి. మీ ఎనక మేమొస్తం" అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వు ఆగింది. కానీ ఎవరూ కదల్లేదు. ఎవరి పొట్ట తిప్పలు వారివి, వాళ్లను నేనేమనగలను?

అప్పుడు కొస నుంచి పెద్దమ్మ బయల్దేరింది. మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ, అందరి ముందు నుంచి నడిచి వచ్చి, నా భుజం పట్టుకొని పక్కన కూలబడింది. కడుపుతో ఉన్నామె వచ్చి చేరింది. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు.

"ఏంటి పెద్దమ్మా, నువ్వు కూడానా? ఆ కల్లూరుదాని మాట పట్టుకొని..." అన్నాడు ఆసామి.

పెద్దమ్మ మోకాలు రుద్దుకుంటూ తాపీగా అంది. "కల్లూరుది ఎవరయ్యా? గీ పిల్ల మాది."

అన్నంత పనీ చేశాడాయన, వేరే ముఠాను పిలుచుకున్నాడు. ఆ రోజు ఆటోలో ఇంటికి పోతూ నేను కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. చేను పోయినందుకు కాదు.